ఊరి బోర్డు దగ్గర

ఇంట్లోంచి ఎవరైనా దూరం బయల్దేరుతుంటే గడప ముందు చెంబుడు నీళ్లు పోయాలి. ఆ నీళ్లు పారినంత సాఫీగా ప్రయాణం సాగుతుందని డాన్యూబ్ నది ఒడ్డున విదిన్ ఊళ్లో అందరూ నమ్ముతారు. నమ్మనివాళ్లు కూడా ఎందుకైనా మంచిదని పోస్తారు. పోయాల్సింది ఇంట్లో ఉండిపోయేవాళ్లు. గింకా భర్త కామెన్ ఆ పొద్దున మంచం దిగలేదు. "యాభై దాటాక సైకిలెక్కి సముద్రానికి పోతానంటే నీళ్లు పొయ్యడం కాదు, నెత్తిన నిమ్మకాయ రుద్దాలి," అని రాత్రే తేల్చేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. గింకా తనే కుళాయి దగ్గర జగ్గు నింపుకొచ్చి, మెట్ల మీద పోసి, జగ్గు లోపల పెట్టి, ఆ తడి మీదుగా సైకిల్ దించుకుంది.

వీధి చివర జ్లాతినా, వెసెలా అప్పటికే సైకిళ్ల మీద ఒక కాలు నేల మీద ఆనించి నిలబడి ఉన్నారు.

"మీ ఆయన నీళ్లు పోశాడా?" అని అడిగింది వెసెలా.

"పోశాడు," అంది గింకా.

జ్లాతినా బడిలో ఆటల టీచరు. మెడలో ఈల లేనప్పుడు కూడా ఉన్నట్టే మాట్లాడుతుంది. వెసెలా మందుల షాపులో పనిచేస్తుంది. ఎవరు ముందుంటే వాళ్ల వెనక పోవడం ఆవిడ స్వభావం, అందుకే ఆవిడకి శత్రువులంటూ లేరు. గింకా రొట్టెల బట్టీలో బానిత్సా అనే పొరల రొట్టెకి పిండి సాగదీస్తుంది. మైదా ముద్దని బల్ల మీద పరిచి, అడుగున చేతులు దూర్చి, కింద పరిచిన గుడ్డ మీది గళ్లు కనబడేంత పల్చగా, ఎక్కడా చిరగకుండా లాగాలి. కూర్చుని చేసే పని కాదది. ఏళ్ల తరబడి నిలబడి నిలబడి పిక్కల్లో నరాలు నీలంగా ముడులు కట్టాయి. చేతులు మాత్రం జ్లాతినా చేతులకన్నా గట్టివి.

ఈ ప్రయాణం ఆలోచన గింకాదే. చలికాలంలో ఒక సాయంత్రం వెసెలా వంటింట్లో రకియా, అంటే పళ్ల సారా, తాగుతూ అంది. డాన్యూబ్ పక్క రోడ్డు పట్టుకుని, దేశం ఈ కొస నుంచి ఆ కొసకి, నల్లసముద్రం దాకా తొక్కుకుంటూ పోదామని. జ్లాతినా నవ్వింది. "నువ్వా?" అంది. "నేనే," అంది గింకా, "ఈ కాళ్లు నన్ను ఇన్నేళ్లూ ఒక్కచోటే నిలబెట్టాయి. ఒక్కసారి ఎక్కడికైనా తీసుకుపోవాలి. సముద్రంలో ముందు చక్రం తడిపి వెనక్కొచ్చేస్తాను, అంతే." ఆ మాట బట్టీలో కూడా చెప్పింది. మార్చి వచ్చేసరికి రొట్టెలు కొనడానికొచ్చేవాళ్లంతా "ఎప్పుడమ్మా సముద్రం?" అని అడగడం మొదలుపెట్టారు.

దారి నియమం జ్లాతినా పెట్టింది. ఎవరి వేగం వాళ్లది, ఎవరి కోసం ఎవరూ కాళ్లు ఈడ్చక్కర్లేదు. కానీ ప్రతి ఊరి బోర్డు దగ్గరా ఆగాలి, ముగ్గురూ చేరాకే కదలాలి. వినగానే ఎంత న్యాయంగా ఉందో అనిపించింది గింకాకి. అందులో ఎక్కడా లోపం కనపడలేదు.

మొదటి ఊరి బోర్డు దగ్గరికి ఆమె చేరేసరికి వాళ్లిద్దరూ గడ్డిలో కూర్చుని ఉన్నారు. వెసెలా బూట్లు విప్పేసి కాలివేళ్లు ఆడిస్తోంది. జ్లాతినా వెల్లకిలా పడుకుని చెర్రీ గింజల్ని ఆకాశంలోకి ఊస్తోంది. గింకా కనబడగానే జ్లాతినా లేచి కూర్చుంది.

"వచ్చావా! హమ్మయ్య. పదండి."

వెసెలా బూట్లు తొడుక్కుంది. గింకా సైకిల్ దిగనే లేదు. సీసా తీసి రెండు గుక్కలు తాగేలోపు వాళ్లు రోడ్డెక్కారు. ఆమె మూత బిగించి వాళ్ల వెనక తొక్కింది. మొదటి ఊరు కదా, పరవాలేదు అనుకుంది. రెండో ఊళ్లోనూ అంతే జరిగింది. మూడో ఊళ్లో వాళ్లు మల్బరీ చెట్టు కింద నాలుకలు నల్లబడేలా పళ్లు తిన్నారు. గింకా వచ్చేసరికి చేతులు తుడుచుకుంటున్నారు. "నీ కోసం నాలుగు ఉంచాం," అని వెసెలా ఆమె అరచేతిలో పోసింది. ఆమె వాటిని ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని తొక్కుతూ తింది. మధ్యాహ్నం బుట్టలోంచి రొట్టె, ఉప్పు జున్ను, వంకాయ మిరపకాయ పచ్చడి సీసా తీసినప్పుడు మాత్రం అందరితో పాటు కూర్చుంది, అది కూడా తిండి ఆమె బుట్టలో ఉంది గనక. కోసి, రాసి, పంచి, తను ముద్ద నోట్లో పెట్టుకునేసరికి వాళ్లిద్దరిదీ అయిపోయింది.

ఆ రాత్రి లోమ్ అనే ఊళ్లో అద్దె గదిలో ఆమె మంచం మీద పడుకుని కాళ్లు గోడకి ఆనించి పైకి పెట్టింది. నొప్పి ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పని లేకుండా అంతటా ఉంది. జ్లాతినా పళ్లు తోముకుంటూ వచ్చి చూసి, "మొదటి రోజు అలాగే ఉంటుంది, రేపటికి అలవాటవుతుంది," అంది. మంచిమాటే అంది. జ్లాతినా చెడ్డది కాదు, ఆ సంగతి గింకాకి తెలుసు. తెలియడం వల్లే నోరు రాలేదు.

రెండో రోజు తూర్పుగాలి మొదలైంది. ఆ గాలి సముద్రం మీంచి బయల్దేరి మైదానమంతా దాటుకుని వచ్చి సరిగ్గా మొహం మీద కొడుతుంది. జ్లాతినా ముందుండి గాలిని చీల్చుకుంటూ పోయింది. ఆమె వెనక చక్రానికి మూరెడు దూరంలో వెసెలా హాయిగా పోయింది. "నువ్వు కూడా అంటుకో, గాలి తగలదు!" అని జ్లాతినా వెనక్కి అరిచింది. గింకా అంటుకుంది. చదునుగా ఉన్నంతసేపూ బాగానే ఉంది. కానీ ఆ రోడ్డు ప్రతి ఊరికీ లోయలోకి దిగి మళ్లీ ఎక్కుతుంది. మొదటి ఎక్కుడులో బారెడు దూరం పడింది. బారెడు పడితే చాలు, ఆ తర్వాత గాలంతా వెనకబడ్డవాళ్లదే. ముందున్న రెండు వీపులూ చిన్నవైపోతూ, మలుపులో మాయమైపోయాయి.

ఆ మధ్యాహ్నం ఒక బోర్డు దగ్గర ఆమె అడిగింది. మెల్లిగానే అడిగింది.

"కాసేపు కూర్చుంటానే. ఊపిరి ఆడట్లేదు."

"కూర్చుంటే ఒళ్లు చల్లబడిపోతుందే గింకా, తర్వాత కదల్లేవు," అంది జ్లాతినా. "మెల్లిగా తొక్కుతూనే ఊపిరి తీసుకో. నేను పిల్లలకి కూడా అదే చెప్తాను."

"ఇప్పటికే అరగంటైంది నీకోసం కూర్చుని," అంది వెసెలా, నొప్పించే ఉద్దేశం లేకుండా. "నాకైతే తిమ్మిరెక్కింది."

అది విని గింకాకి సిగ్గేసింది. తన మూలంగా వాళ్లు ఎండలో కూర్చోవాల్సొచ్చిందని అనిపించింది. "సరే సరే, నా కోసం ఆగకండి, పదండి," అని తనే అంది. ఆ తర్వాత ప్రతి బోర్డు దగ్గరా వాళ్లు అనేలోపు తనే ఆ మాట అనడం మొదలుపెట్టింది.

ఒర్యాహొవో ఊరి ముందరి ఎక్కుడులో సైకిల్ దిగి నెట్టుకుంటూ నడుస్తున్నప్పుడు ఆమెకి సంగతి తట్టింది. అంతసేపూ అది కళ్లముందే ఉంది. ఎదురుచూసేవాళ్లు ఎంతసేపు ఎదురుచూస్తే అంత అలుపు తీరుతుంది. ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో ఆ మనిషికి ఒక్క క్షణం కూడా దొరకదు. ఆమె ఆలస్యమయ్యేకొద్దీ వాళ్లకి బలం వస్తుంది, వాళ్లకి బలం వచ్చేకొద్దీ ఆమె ఇంకా ఆలస్యమవుతుంది. మళ్లీ ఆ ఆలస్యానికి క్షమాపణ చెప్పుకునేది కూడా ఆమే. ఇది ఎవరూ కావాలని చేస్తున్న అన్యాయం కాదు. ఆ నియమంలోనే ఉంది. ఆమెకి కోపం వచ్చింది, కానీ పైకి చేరేసరికి అది కూడా ఆయాసంలో కొట్టుకుపోయింది.

"వచ్చావా! పదండి," అంది జ్లాతినా.

మూడో రోజు సాయంత్రం నికోపోల్‌లో, నది కనబడే వంటింట్లో, గింకా టమాటాలు కోస్తుంటే జ్లాతినా గొంతు సవరించుకుంది. ఆటల టీచరు గొంతు సవరించుకుందంటే జట్టులోంచి ఎవరినో తీసేస్తుందన్నమాట.

"గింకా, మేమొకటి అనుకున్నాం. నీ మంచికే. వెసెలా వాళ్ల మరిది గెనాది రేపు వ్యాన్‌లో రూసే పట్నం వెళ్తున్నాడట. కిటికీ చట్రాలు దించడానికి. మధ్యాహ్నం కలినోవెత్స్ ఊరి బోర్డు దగ్గర ఆగుతాడు. నువ్వు సైకిల్ అందులో పడేసి వెళ్లిపో. రెండు రోజులు రూసేలో వాళ్లింట్లో కాళ్లు చాపుకుని కూర్చో. మేం వచ్చి కలుస్తాం. అక్కణ్నుంచి మళ్లీ ముగ్గురం."

"వాళ్లావిడ చాలా బాగా చూసుకుంటుంది," అంది వెసెలా, చూపు టమాటాల మీద పెట్టి.

"అక్కడిదాకా నేను తొక్కనక్కర్లేదంటారు."

"నలిగిపోతున్నావే. నాకు చూడబుద్ధి కావట్లేదు."

గింకా టమాటా ముక్కల మీద ఉప్పు చల్లింది. చల్లినచోటే మళ్లీ చల్లింది. వ్యాన్ ఎక్కితే సముద్రం చేరొచ్చు. ముందు చక్రం తడపొచ్చు, ఫోటో తీయించుకుని బట్టీలో గోడకి అంటించొచ్చు. ఎవరూ అడగరు. కానీ ఆ చక్రం ఎక్కడ గాల్లో తేలుతూ వచ్చిందో ఆమెకి తెలుస్తుంది. అప్పుడిది ఆమె ప్రయాణం కాదు. జ్లాతినా వెసెలాల ప్రయాణం, అందులో తను సామాను. అదంతా చెప్పాలని నోరు తెరిచింది. తీరా బయటికొచ్చింది ఇంతే:

"ఉప్పు ఎక్కువైనట్టుంది. రొట్టెతో తినండి."

ఆమె కాదనలేదు గనక ఒప్పుకున్నట్టేనని వాళ్లు అనుకున్నారు. వెసెలా మరిదికి ఫోన్ చేసింది.

మర్నాడు గాలి తగ్గలేదు. కలినోవెత్స్ కన్నా ముందు స్లివార్నిక్ అని ఒక ఊరు. రోడ్డు కొండ మీంచి లోయలోకి జారి, ఆ ఊరి మధ్య నుంచి పోయి, అవతల మళ్లీ నిట్టనిలువుగా ఎక్కుతుంది. ఊళ్లో సగం ఇళ్ల కప్పులు లోపలికి కూలిపోయి ఉన్నాయి. ప్రతి గేటు మీదా చనిపోయినవాళ్ల ఫోటోలతో శ్రద్ధాంజలి కాగితాలు. కొన్ని ఎండకి తెల్లబడి మొహాలు చెరిగిపోయాయి. బతికున్నవాళ్ల కంటే గేట్ల మీదివాళ్లే ఎక్కువ ఆ ఊళ్లో. గింకా అక్కడికి చేరేసరికి జ్లాతినావాళ్లు ఊరు దాటి ఎక్కుడు కూడా ఎక్కేసి ఉంటారు. ఊరి బోర్డు దగ్గర ఆగుదామన్న నియమం ఆ పొద్దున రద్దయింది, వ్యాన్ ఉందిగా, నేరుగా కలినోవెత్స్ దగ్గరే కలుద్దామన్నారు.

ఊరి చివరి ఇంటి ముందు నల్లబట్టల్లో ఒక ముసలావిడ నిలబడి ఉంది. పక్కన స్టూలు మీద తెల్లగుడ్డ కప్పిన పళ్లెం. సైకిల్ చూడగానే చెయ్యెత్తింది. గింకా కళ్లు ఆవిడ చేతి మీద కాదు, వెనకున్న గేటు మీద పడ్డాయి. ఆ కాగితం కొత్తది. బొద్దు మీసాల ముసలాయన ఫోటో, కింద పేరు, ఆయన పోయి నలభై రోజులైందన్న మాట. గింకా బ్రేకు వేసింది.

"ఆగావా తల్లీ?" అంది ముసలావిడ, నమ్మలేనట్టు.

"ఆగాను అవ్వా."

"ఇందాక ఇద్దరు పోయారు. నేను చెయ్యెత్తాను, వాళ్లూ చెయ్యెత్తారు. 'వద్దు వద్దు, మాకు తొందర' అని అరుచుకుంటూ పోయారు. ఏమన్నా అమ్ముతున్నాననుకున్నారో ఏమో."

గింకాకి చెవులు వేడెక్కాయి. చచ్చిపోయినవాళ్ల పేరున పెట్టింది వద్దనకూడదు, పగవాళ్లయినా వద్దనరు. జ్లాతినాకి ఆ సంగతి తెలియక కాదు. గేటు వైపు చూసేంత నెమ్మదిగా ఆమె ఎప్పుడూ పోలేదు, అంతే.

అవ్వ గుడ్డ తీసింది. పళ్లెంలో చిన్న చిన్న పొట్లాలు. ఉడకబెట్టిన గోధుమలు, పైన పంచదార పొడి, ఒక ముక్క రొట్టె, ఒక ముక్క బానిత్సా, రెండు బిస్కెట్లు.

"మా ఆయన త్సోలో పేరున," అని ఒక పొట్లం అందించింది. గింకా రెండు చేతులతో అందుకుంది.

"దేవుడు ఆయన్ని మన్నించాలి."

"మన్నించాలి తల్లీ. కూర్చో. నిలబడి తింటే ఆయనకి గొంతు దిగదు."

గేటు పక్కన గోడకి ఆనించి బెంచీ ఉంది. అవ్వ పేరు వెలికా. ఆమె బెంచీ మీద కుడివైపు ఖాళీగా వదిలి ఎడమ పక్క కూర్చుంది, అది అలవాటైన చోటులా ఉంది. గింకా సైకిల్ గోడకి ఆనించి కుడివైపు కూర్చుంది. కూర్చోగానే మోకాళ్ల నుంచి కింద కాళ్లు వాటంతటవే వణకడం మొదలుపెట్టాయి. అవ్వ అది చూసి లోపలికెళ్లి బావినీళ్లు గ్లాసుతో తెచ్చింది.

"పెళ్లికి వండినట్టు వండేశాను," అంది. "తినేవాళ్లేరి? ఎదురింటి స్తానాకి పళ్లు లేవు, గోధుమలు నమల్లేదు. కిందింటాయనకి షుగరు. పాదిరిగారు పొద్దున్నే వచ్చి నాలుగు ముక్కలు చదివి, పక్కూరు పోవాలని పరిగెత్తాడు. బస్సు డ్రైవరుకి ఒకటిచ్చాను. మిగతావి ఎవరికిస్తాను, కోళ్లకా? ఇస్తేనే గదా ఆయనకి ముట్టేది. గిన్నెలో ఉండిపోతే నాకు మిగిలినట్టేగాని, ఆయనకేం?"

గింకా గోధుమలు నెమ్మదిగా నమిలింది. బానిత్సా కొరికి చూసింది. పిండి కొంచెం మందంగా ఉంది, కానీ మడతలు చేత్తో వేసినవే.

"మీరే లాగారా పిండి?"

"లాగాను. ఒకప్పుడు వెంట్రుకంత పల్చగా లాగేదాన్ని. ఇప్పుడు చేతులు మాట వినవు." అవ్వ ఫోటో వైపు చూసింది. "ఆయనకి మందంగా ఉన్నదే ఇష్టంలే. మహా నెమ్మది మనిషి. పొలం నుంచి ఊరంతా వచ్చేశాక వచ్చేవాడు. నేనేమో ఈ బెంచీ మీదే కూర్చుని ఎదురుచూసేదాన్ని. కూర్చుని కూర్చుని నాకు విసుగొచ్చేది. ఆయన గేటు తియ్యడం ఆలస్యం, టోపీ తియ్యనివ్వకుండా బకెట్టు చేతికిచ్చేదాన్ని. నీళ్లు తోడు, మేకని కట్టు, కట్టెలు కొట్టు. నోరెత్తేవాడు కాదు. పోయాక ఇక్కడ కూర్చుంటే ఇప్పుడనిపిస్తుంది, కూర్చున్నది నేనైతే అలిసింది ఆయన కదా అని. ఒక్కనాడైనా 'కూర్చో, టోపీ తీసి కాస్త కూర్చో' అన్లేదు."

గింకా నమలడం ఆపేసింది. నీళ్లు తాగింది. ఏడుపు వచ్చింది, అది ఆ ముసలాయన కోసమో తన కోసమో ఆమెకే తెలియలేదు. గింకా కూడా ఆయన కోసమే ఏడుస్తోందనుకుని అవ్వ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

బుట్టలో ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావే?" అంది జ్లాతినా. "గెనాది వచ్చేశాడు. వ్యాన్ ఆపుకుని కూర్చున్నాడు పాపం."

"తింటున్నాను."

"తింటున్నావా! ఎక్కడ?"

"కూర్చుని," అంది గింకా. "అయ్యాక వస్తాను." ఫోన్ కట్టేసి బుట్టలో పడేసింది. అలా మాట్లాడినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది. ఆ తర్వాత రొట్టె ముక్క కూడా తిన్నది, బిస్కెట్లు తిన్నది, గ్లాసు ఖాళీ చేసింది. కాళ్ల వణుకు తగ్గేదాకా కూర్చుంది. ఈ నాలుగు రోజుల్లో ఆమె కూర్చుని ఉండగా పక్కవాళ్లెవరూ బూట్లు తొడుక్కోకపోవడం అదే మొదటిసారి.

లేచేటప్పుడు అడిగింది: "ఆ ఇద్దరూ నా స్నేహితురాళ్లే అవ్వా. వాళ్ల వాటా కూడా ఇవ్వండి. నేను తినిపిస్తాను."

"కూర్చుని తినాలి. పేరు చెప్పి తినాలి."

"చెప్పే తింటారు."

అవ్వ రెండు పొట్లాలూ బుట్టలో సర్ది, గ్లాసులో మిగిలిన చుక్కలు చూసి, లోపలికెళ్లి చెంబు నింపుకొచ్చింది. గింకా సైకిల్ ఎక్కబోతుంటే ముందు చక్రం ముందర, దుమ్ములో, ఆ చెంబుడు నీళ్లూ పోసింది.

"ఇంటి దగ్గర పోసే ఉంటార్లే," అంది. "అయినా మళ్లీ పోస్తే పోయేదేముంది?"

"లేదు అవ్వా," అంది గింకా, "ఎవరూ పొయ్యలేదు." ఆ తడి మీదుగా సైకిల్ నడిపింది.

అవతలి ఎక్కుడు ఆమె దిగకుండా ఎక్కింది. వేగంగా కాదు. వేగంగా ఎక్కాలని ఆమె అనుకోలేదు కూడా.

కలినోవెత్స్ బోర్డు పక్కన తెల్ల వ్యాన్ వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. గెనాది, నడివయసు మనిషి, చట్రాలన్నీ ఒక పక్కకి జరిపి సైకిల్ పెట్టేందుకు దుప్పటి పరుస్తున్నాడు. గడ్డిలోంచి ఇద్దరూ లేచి బట్టలు దులుపుకున్నారు. జ్లాతినా ఎదురొచ్చి గింకా సైకిల్ హ్యాండిల్ పట్టుకుంది.

"వచ్చావా తల్లీ, మహారాణీ! దిగు. ఎక్కించేద్దాం."

"కూర్చో," అంది గింకా.

"ఏమిటి?"

"ఇద్దరూ కూర్చోండి ముందు." బుట్టలోంచి పొట్లాలు తీసి చేతుల్లో పెట్టింది. "త్సోలో పేరున."

ఆ మాట విన్నాక ఎవరూ నిలబడి బేరాలాడరు. జ్లాతినా చెయ్యి హ్యాండిల్ మీంచి దానంతటదే జారింది. ఇద్దరూ మళ్లీ గడ్డిలో కూర్చున్నారు. "దేవుడు మన్నించాలి," అన్నారు, ఒకరి తర్వాత ఒకరు. వెసెలా పొట్లం విప్పి అడిగింది:

"ఎవరే త్సోలో?"

"కింద ఊళ్లో, చివరింటి ముసలాయన. నలభయ్యో రోజు. వాళ్లావిడ గేటు దగ్గర చెయ్యెత్తింది. మీరు చెయ్యూపి వెళ్లిపోయారట."

వెసెలా నోట్లో పెట్టుకోబోతున్న వేళ్లు అక్కడే ఆగిపోయాయి. పంచదార పొడి ఒళ్లో రాలింది. "అయ్యో," అంది చిన్నగా. "టమాటాలు అమ్ముతోందనుకున్నాం."

జ్లాతినా గోధుమలు నోట్లో పోసుకుని తల దించుకుని నమలసాగింది. ఆ గోధుమలు గబగబా మింగడానికి కుదరదు. పొడిగా ఉంటాయి, దవడ నొప్పి పుట్టేలా నమలాలి. ఒక్క గింజ కూడా పారెయ్యకూడదు. వ్యాన్ దగ్గర గెనాది కూడా మర్యాదగా టోపీ తీసి పట్టుకున్నాడు.

గింకా వాళ్లని చూసింది. ఒకరి నోరు నిండుగా ఉంది, ఇంకొకరి కళ్లు నిండుగా ఉన్నాయి. ఆమె కుదురుగా సైకిలెక్కింది.

"గెనాదీ, శ్రమ పెట్టాం, ఏమనుకోకు," అంది. "నేను తొక్కుకుంటూనే వెళ్తాను. మీ ఆవిణ్ని అడిగానని చెప్పు." తర్వాత వాళ్లిద్దరి వైపు తిరిగింది. "తొందరేం లేదు. కూర్చుని తినండి. వచ్చే బోర్డు దగ్గర ఉంటాను."

నోట్లో గోధుమలతో జ్లాతినా ఏదో అంది. ఏమందో తెలియలేదు. గింకా అప్పటికే కదిలింది.

కలినోవెత్స్ నుంచి లిపోవెత్స్ దాకా రోడ్డు చాలావరకు పల్లం. ఆమె సైకిల్ బరువు, బుట్ట బరువు, ఆమె బరువు, ఇన్నాళ్లూ ఎక్కుళ్లలో వెనక్కి లాగినవన్నీ ఇప్పుడు ముందుకి తోశాయి. గాలి ఎదురుగానే ఉంది, కానీ ఎవరి వీపూ చిన్నదైపోతూ కనబడలేదు. కోతకి సిద్ధమవుతున్న గోధుమ చేలు రెండు పక్కలా ఉన్నాయి. దూరంగా, చేల అవతల, డాన్యూబ్ కనిపించింది. నాలుగు రోజులుగా దాని పక్కనే పోతున్నా, తొక్కుతూ ఆమె తలెత్తి దాన్ని చూడ్డం అదే మొదటిసారి.

లిపోవెత్స్ బోర్డు పక్కన లిండెన్ చెట్టు పూతలో ఉంది. ఆమె సైకిల్ని గడ్డిలో పడుకోబెట్టి, బూట్లు విప్పింది, మేజోళ్లు కూడా విప్పింది. చెట్టు మొదలుకి కాళ్లు ఆనించి, తల కింద బుట్టలోని తువ్వాలు పెట్టుకుని పడుకుంది. తేనెటీగల చప్పుడు వింటూ కన్ను మూసింది. నిద్ర కూడా పట్టిందేమో.

సైకిల్ గొలుసుల చప్పుడుకి మెలకువ వచ్చింది. ముందు జ్లాతినా, వెనక వెసెలా. వ్యాన్‌ని పంపించేసి, పొట్లాలు ఖాళీ చేసి, పోయిన సమయాన్ని పట్టుకుందామని ఎక్కడా ఆగకుండా తొక్కినట్టున్నారు. జ్లాతినా మొహం కందిపోయింది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. వెసెలా సైకిల్ దిగలేక చెట్టు పట్టుకుని నిలబడింది.

గింకా లేచి కూర్చుంది. నెమ్మదిగా మేజోళ్లు తొడుక్కుంది. బూట్లు తొడుక్కుని తాళ్లు కట్టుకుంది. పావడా దులుపుకుని సైకిల్ లేవనెత్తింది.

"వచ్చారా," అంది. "హమ్మయ్య. పదండి."

"ఆగవే!" అంది జ్లాతినా, సీసా నోటిదాకా ఎత్తి పట్టుకుని, రొప్పుతూ. "ఇప్పుడేగా వచ్చాం. ఊపిరన్నా తీసుకోనీ..."

మాట సగంలో ఆగిపోయింది. సీసా అలాగే గాల్లో ఉండిపోయింది. ఆమె గింకా మొహం వైపు చూసింది, తర్వాత గింకా బూట్ల వైపు, గడ్డిలో మనిషి పడుకున్న ఆనవాలు వైపు చూసింది. వెసెలా చెట్టు బెరడు గీకుతూ నిలబడింది.

గింకాకి సంతోషమేసింది. అబద్ధమెందుకు, బాగా సంతోషమేసింది. కానీ జ్లాతినా చేతిలో సీసా వణుకుతోంది, ఆ వణుకు ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. సైకిల్‌ని మళ్లీ గడ్డిలో పడుకోబెట్టింది.

"కూర్చో," అంది. "బూట్లు విప్పి కూర్చో. వెసెలా, నువ్వూ."

ముగ్గురూ చెట్టుకింద వరసగా కూర్చున్నారు. జ్లాతినా నీళ్లు తాగింది. తాగి, సీసా గింకాకిచ్చింది. గింకా తాగి వెసెలాకిచ్చింది. లిండెన్ పూలు రెండు మూడు వాళ్ల తలల మీద రాలాయి. చెట్టు నీడ బోర్డు ఒక స్తంభం నుంచి రెండో స్తంభం దాకా జరిగింది. జ్లాతినా ఒకసారి బూటు చేతిలోకి తీసుకుంది, తీసుకుని గింకా వైపు చూసింది.

"పోదామా?" అని అడిగింది. ఈ ప్రయాణంలో ఆ మాట ఆమె అడగడం మొదటిసారి.

గింకా వెనక్కి వాలి, కాళ్లు చెట్టు మొదలుకి ఆనించి ఇంకొంచెం పైకి జరుపుకుంది.

"ఇంకా లేదు," అంది.

జ్లాతినా బూటు కింద పెట్టింది.